వదాన్యపురంలో మంత్రసాని చాకు

ఎండ ఇంకా నడినెత్తికి రాకముందే కొమరగిరి, రాకుమారి విద్యుల్లత వదాన్యపురం తూర్పు ద్వారం చేరుకున్నారు.

ఆ ద్వారం చూడటానికి రెండు కళ్ళూ చాలవు. ఇరుపక్కలా తాటిచెట్టంత ఏనుగు శిల్పాలు తొండాలెత్తి, ఆకాశంలో ఒకదానితో ఒకటి పెనవేసుకుని తోరణం కట్టాయి. తొండాల మీద పాలరాతి హంసలు బారులు తీరాయి. ఒక్కొక్క హంస ముక్కున ఒక్కొక్క పగడాల గుత్తి. ద్వారం వెనక ఏడంతస్తుల మేడలు, మేడల మీద బంగారు కలశాలు, ఆ కలశాలన్నిటినీ తలదన్నేలా రాజసభ గోపురం, గోపురం కొసన గున్న ఏనుగంత కంచుగంట.

అయితే, ఆ ఏనుగుల ఒంటినిండా ఎవరో పేడ అలికారు. హంసల మెడలకు చిరిగిన చేపల వలలు చుట్టారు. కలశాలకు పాత గోనెలు తొడిగారు. బాట మీద ఆడవాళ్ళు పట్టుచీరలు తిరగేసి కట్టుకుని నడుస్తున్నారు. ఒక పెద్దమనిషి కిన్నెర వాయిద్యాన్ని చాపలో చుట్టి, పైన ఎండు చేపలు వేలాడదీసుకుని పోతున్నాడు.

"ఇదేం ఊరు కొమరగిరీ? పెళ్ళికూతురికి దిష్టిబొమ్మ వేషం కట్టినట్టుంది!" అంది విద్యుల్లత.

"గొంతు లావు చెయ్యండి రాకుమారీ. మీరిప్పుడు రత్నాల వర్తకుడి కొడుకు" అని గొణిగాడు కొమరగిరి.

విద్యుల్లత గొంతు సవరించుకుని మీసం మెలేసింది. తన తెల్లగుర్రం పారిజాతం తోక వెంట్రుకలకు మసి అద్ది, తుమ్మజిగురుతో తానే అంటించుకున్న మీసం అది.

ఆమె వేషానికి కారణం ఉంది. మూడేళ్ళ కిందట ఉలూకనాథుడనే మాంత్రికుడు ఆమె తండ్రి ఏలే మరకతగిరికి వచ్చి, తనను రాజగురువును చెయ్యమన్నాడు. రాజు నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపల మాంత్రికుడు తన చేతికర్ర ఆకాశంలోకెత్తి, మరకతగిరి మీది మబ్బులన్నిటినీ ఆ కర్ర బోలులోకి పీల్చేసి, మూతి బిగించి, మాయమయ్యాడు. అప్పటినుంచి ఆ దేశంలో చినుకు లేదు. చెరువులు బీటలు వారాయి. పశువుల డొక్కలు ఎండాయి. ఆ కర్ర తెస్తానని గుర్రమెక్కిన రాకుమారికి, దువ్వెనలు చెక్కి అమ్ముకునే కొమరగిరి దారిలో తోడయ్యాడు. మాంత్రికుడు వదాన్యపురంలో ఉన్నాడని పోయిన వారమే వారికి ఆచూకీ దొరికింది. వాడు ఆనవాలు పట్టకుండా ఆమె మగవేషం కట్టింది.

ద్వారం దగ్గర గుండయ అనే లావుపాటి కాపలావాడు వారికి అడ్డం వచ్చాడు. ఎవరనీ అడగలేదు, ఎందుకొచ్చారనీ అడగలేదు. గుర్రాన్ని తల నుంచి తోక దాకా చూసి, గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఆహా! ఎంత బాగుందయ్యా ఈ గుర్రం!" అన్నాడు.

గోపురం మీద గంట, ఎవరూ లాగకుండానే, "ఠంగ్!" మంది.

గుండయ వచ్చి కళ్ళెం పట్టుకున్నాడు. "దిగండి దొరా. ఇదిప్పుడు నాది."

"నీదా? ఏమిటా తలబిరుసు? కత్తి దూశానంటే..."

"దుయ్యండి, చూద్దాం." ఆమె సర్రున కత్తి దూసింది. గుండయ కళ్ళు చెమర్చాయి. "అబ్బ! ఎంత బాగుంది!"

"ఠంగ్!"

ఆమె కత్తి పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకా బిగుసుకుపోసాగింది. గుండయ జాలిగా చూశాడు. "కొత్తవాళ్ళా? మా ఊళ్ళో ఎవరైనా ఒక వస్తువును మనసారా మెచ్చుకుంటే ఆ గంట మోగుతుంది. మోగిందా, ఇచ్చెయ్యాల్సిందే. ఇవ్వనన్న చెయ్యి కొయ్యబారి ఆ వస్తువుకే అతుక్కుపోతుంది. మా పెదబావ పందిరిమంచం ఇవ్వనన్నాడు. మూడేళ్ళయింది. పెళ్ళిళ్ళకు వాణ్ణి మంచంతో సహా మోసుకుపోతున్నాం."

విద్యుల్లత పళ్ళు నూరుతూ కత్తి ఇచ్చింది, గుర్రం దిగింది. చెయ్యి మళ్ళీ మెత్తబడింది. పారిజాతం వెనక్కి తిరిగి చూస్తూ పోయింది.

గుండయ ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. "ఇంకొక్కటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు దొరా. మీ మీసం..."

కొమరగిరి ఒక్క గెంతు గెంతి అతడి నోరు మూయబోయాడు. ఆలస్యమైంది.

"...అద్భుతం!"

"ఠంగ్!"

రాకుమారి క్షణం నిలబడింది. తర్వాత తలెత్తి, మీసం ఒక కొస పట్టి చర్రున పీకి, కాపలావాడి అరచేతిలో పెట్టింది. గుండయ చేతిలోని మీసాన్నీ, ఆమె నున్నటి పైపెదవినీ మార్చి మార్చి చూశాడు.

"ఆడపిల్లవా!"

"మీసం ఇచ్చానా, లేదా? దారి వదులు!"

గుండయకు బుద్ధెరిగినప్పటినుంచీ మీసం మొలవలేదు. అతడు దాన్ని పైపెదవికి అద్దుకుని, గుర్రమెక్కి, భార్యకు చూపించడానికి ఊళ్ళోకి దౌడు తీశాడు. ద్వారం ఎవరూ కాయకుండానే తెరిచి ఉండిపోయింది.

ఆ తర్వాత గంటసేపు వాళ్ళ పాట్లు చెప్పనలవి కాదు. మొదటి వీధిలో కొమరగిరి కొత్త చెప్పులను కుమ్మరి ఒకడు మెచ్చుకున్నాడు. రెండో వీధిలో రాకుమారి వజ్రపుటుంగరాన్ని ముగ్గురు అక్కచెల్లెళ్ళు కలిసి మెచ్చుకున్నారు. మూడో వీధికి వచ్చేసరికి కొమరగిరికి కిటుకు తెలిసింది. ఎదురొచ్చిన ముత్యాల గొడుగును చూసి, "ఎంత బాగుంది!" అన్నాడు. గంట మోగింది. గొడుగు చేతికొచ్చింది. ఆ ఉత్సాహంలో ఒక పల్లకీని కూడా మెచ్చుకున్నాడు. ఇద్దరూ అందులో కూర్చుని నిండా పది బారలు పోలేదు, మేడమీద నుంచి ఎవరో పల్లకీని మెచ్చుకున్నారు, కింద నుంచి ఎవరో గొడుగును మెచ్చుకున్నారు. నడివీధిలో కూలబడ్డారు. చివరికి రాకుమారి తలపాగా, జరీ అంగీ కూడా పోయి, లోపలి పాత నూలు బట్టల మీద ఎవరో పారేసిన గోనె చుట్టుకుంది.

"నీ దగ్గర ఏం మిగిలింది?" అని అడిగింది ఆయాసపడుతూ.

"కట్టుపంచె" అన్నాడు కొమరగిరి. ఒక్క క్షణం ఆగి, మొల దగ్గర తడుముకుని, "ఇదీ" అన్నాడు.

ఇద్దరూ ఒక గోడ చాటుకు వెళ్ళారు. అతడు మొలలోంచి తీసింది చిన్న మడతచాకు. జింకకొమ్ము పిడి. పిడి ఒక పక్క పొయ్యిసెగకు మాడి నల్లబడింది. సానపట్టీ సానపట్టీ అలుగు తుమ్మాకంత సన్నబడింది. మూస్తే "టిక్కు"మని చప్పుడు చేస్తుంది. కొమరగిరి తల్లి పోలమ్మ మంత్రసాని. తన ఊళ్ళో రెండు మూడు తరాల పిల్లల బొడ్డు ఆ చాకుతోనే కోసింది. కొమరగిరి బొడ్డు కూడా, తన పురుడు తానే పోసుకుంటూ, దానితోనే కోసిందట. పోయేముందు, "ఇల్లు నీ అన్నకి, ఆవు నీ చెల్లెలికి, ఇది నీకు" అని అతడి పిడికిట్లో పెట్టి మూసింది. దువ్వెనలన్నీ అతడు ఆ చాకుతోనే చెక్కాడు. రాజులు పిలిచి రాళ్ళు పొదిగిన బాకులిస్తామన్నా మార్చుకోలేదు.

"రాకుమారీ, ఏం అనకండి. మనసులో కూడా అనుకోకండి" అని, చాకును పాత గుడ్డలో చుట్టి, దాని మీద పేడ పూసి, మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

"నేనేమన్నాను? అది నాకు మొదటినుంచీ నచ్చలేదు" అంది విద్యుల్లత గోడవైపు తిరిగి.

ఆ గోడకు అవతలి అరుగు మీద నుంచి ముసలి నవ్వు వినిపించింది. అక్కడ నాగసాని అనే ఒక అవ్వ గరిటెలు చెక్కుతూ కూర్చుంది. చెక్కడానికి ఆమె చేతిలో ఉన్నది పగిలిన ముంత పెంకు. వేళ్ళనిండా కోతలు, కోతల మీద కోతలు.

"అవ్వా, పెంకుతో చెక్కుతావేం? ఉలి లేదా?" అని అడిగాడు కొమరగిరి.

"ఉండేవి నాయనా, పదకొండు రకాల ఉలులు. ఆ గుడ్లగూబ మొహం వాడి భటులు వచ్చి ఒక్కొక్కదాన్నే మెచ్చుకుని పట్టుకుపోయారు. మూడేళ్ళుగా ఈ పెంకే గతి." ఆమె వాళ్ళిద్దర్నీ ఎగాదిగా చూసింది. "మీరు వాడి కోసమే వచ్చారు కదూ? ఊళ్ళోకొచ్చిన వాళ్ళు అందరూ ఏడుస్తారు. మీరు తిట్టుకుంటున్నారు."

వాళ్ళు నిజం చెప్పారు. అవ్వ పెంకు పక్కన పెట్టి ఊరి సంగతి చెప్పింది.

"ఆ గంట మా రాజుగారి తాత కట్టించింది. వస్తువు దాన్ని ప్రేమించేవాడి చేతిలోనే ఉండాలని ఆయన ముచ్చట. అప్పట్లో సరదాగానే ఉండేది. మా ఎదురింటి వాళ్ళూ, పక్కింటి వాళ్ళూ ఒక ఇత్తడి బిందెను పన్నెండేళ్ళు అటూ ఇటూ మెచ్చుకున్నారు. తర్వాత ఈ ఉలూకనాథుడు గోచీతో, కర్రతో దిగాడు. సభలో ఒక పూటంతా రెప్ప వెయ్యకుండా సింహాసనాన్ని చూసి, 'ఎంత బాగుంది!' అన్నాడు. గంట మోగింది. మా ఉదారవర్మ మహారాజు పాపం నవ్వుతూనే దిగిపోయాడు. ఇప్పుడు అదే సభ ఊడుస్తున్నాడు."

"మరి వాడి కర్రనెవరూ మెచ్చుకోలేదా?" అంది విద్యుల్లత.

"ముక్కు మూసుకుని ఎలా మెచ్చుకుంటారమ్మా? ఒకటే ముక్కిపోయిన కంపు. మనసులో లేని మెప్పుకి గంట మోగదు. పైగా వాడు సభకు మంత్రం వేశాడు. సింహాసనం ఎదుట మెచ్చుకున్నాక గంట మోగలేదో, ఆ మెచ్చినవాడు చీపురైపోతాడు. మూలన గుట్ట పడి ఉన్నారు."

కొమరగిరి తలెత్తాడు. "కర్రల సంగతి నాకు తెలుసు. ఎంత వంకర కర్రలోనైనా మెచ్చుకోవడానికి ఒక గీత దొరక్కపోదు. నన్ను దాని ముందుకు చేర్చు చాలు."

నాగసాని ఆ మధ్యాహ్నం సభ వంటశాలకు గరిటెలు అప్పగించాలి. ఇద్దరి నెత్తినా చెరో గంప పెట్టి, "నోరు విప్పకండి, నా కూలివాళ్ళు మీరు" అని సభలోకి తీసుకుపోయింది.

సభామండపం నూరు స్తంభాలది. ఒక్కొక్క స్తంభం మీద ఒక్కొక్క పూలతీగ, తీగకు నీలాల పూలు, పూలలో కెంపుల తుమ్మెదలు. నేల అద్దంలా మెరుస్తోంది. దాన్ని ఒక పండుముసలి రాజు కిరీటం తీసేసిన తలతో నిదానంగా ఊడుస్తున్నాడు. పైన గోపురం కొసన గంట. గంట మీద ఒక పావురం. సింహాసనంలో ఉలూకనాథుడు బాసింపట్టు వేసుకుని, కర్రతో వీపు గోక్కుంటున్నాడు. కళ్ళు గుండ్రంగా, రెప్ప పడకుండా ఉన్నాయి. చెవుల్లోంచి వెంట్రుకలు ఈకల్లా పొడుచుకొచ్చాయి. కర్ర నల్లగా, కణుపులు కణుపులుగా ఉండి, కొస నుంచి బొట్టు బొట్టుగా ఏదో కారుతోంది. మూతిని నల్లని పేగుతాడుతో బిగించి కట్టారు.

కొమరగిరి గంప దించి, సూటిగా సింహాసనం ముందుకు నడిచి సాష్టాంగపడ్డాడు.

"ఎవడ్రా నువ్వు?"

"దువ్వెనలవాణ్ణి స్వామీ. మీ కర్రను ఒక్కసారి దగ్గరగా చూసే భాగ్యం కోసం వచ్చాను."

మాంత్రికుడి గుండ్రటి కళ్ళు సంతోషంతో మరీ గుండ్రమయ్యాయి. కొత్త చీపురు దొరికి చాలా రోజులైంది. "చూడు, చూడు. బాగా చూసి మెచ్చుకో."

కొమరగిరి చూశాడు. గీత కోసం వెతికాడు. ఒక్క కణుపూ తిన్నగా లేదు. దగ్గరికి వెళ్ళేసరికి ముక్కిన వాసనకు కళ్ళు తిరిగాయి. ఇక వెనక్కి పోవడానికీ లేదు. గుండె రాయి చేసుకుని, "మహానుభావా! ఏమి కర్ర! మేరుపర్వతానికి ముద్దుబిడ్డ! ఈ నలుపు ముందు నేరేడుపండు దిగదుడుపు! ఎంత... ఎంత బాగుంది!" అన్నాడు.

సభంతా ఊపిరి బిగబట్టి పైకి చూసింది. గంట కదల్లేదు. పావురం మెడ తిప్పి అతణ్ణి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"నేరేడుపండట!" ఉలూకనాథుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కానీరా, ఊడుద్దువు గాని!"

కొమరగిరి కాలివేళ్ళు గిలిగింతలు పెట్టాయి. వంగి చూస్తే వేళ్ళు లేవు, పుల్లలు! పాదాలు చీపురు కట్టలయ్యాయి. పుల్లలు చీలమండలు దాటి పిక్కల మీదికి పాకుతున్నాయి.

"కొమరగిరీ!" విద్యుల్లత గంప విసిరేసి పరుగెత్తుకొచ్చింది.

మాంత్రికుడు కర్రను ఆమె ముఖం దాకా చాచి అడ్డం పెట్టాడు. "నువ్వెవరివే? నువ్వూ మెచ్చుకుంటావా?"

కర్ర కొస నుంచి ఒక చుక్క ఆమె చేతి మీద పడింది. ఆమె ముక్కుకు వాసన తగిలింది. ఏటా తడిసే ఊరివాళ్ళకు అది ముక్కిన కంపు. మూడేళ్ళు చినుకు చూడని మరకతగిరి పిల్లకు అది తొలకరి. ఎండిన దుక్కి మీద మొదటి జల్లు పడితే లేచే మట్టివాసన. ఆమె ఎక్కడుందో మరిచిపోయింది. కొమరగిరిని మరిచిపోయింది. కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా, "అబ్బ! ఎంత బాగుందో ఈ కర్ర! మా ఊరి వానలా ఉంది" అంది.

"ఠంగ్!"

పావురం ఎగిరిపోయింది. ఉలూకనాథుడు కర్రను గుండెకు అదుముకున్నాడు. వెంటనే అతడి వేళ్ళు కొయ్యబారడం మొదలైంది. మోచేయి దాకా వచ్చింది. కెవ్వుమని కర్రను విసిరేశాడు. విద్యుల్లత దాన్ని గాలిలోనే అందుకుంది.

అతడు మాత్రం అంత తేలిగ్గా ఓడిపోయేవాడు కాదు. "పోతే పోనీ, తిరిగి మెచ్చుకుంటాను! ఆహా, ఎంత బా..."

కర్ర మాంత్రికుడి చెయ్యి దాటడంతో కొమరగిరి పుల్లలు మోకాళ్ళ దాకా వచ్చి ఆగాయి. అతడు రెండు చేతులూ నేలకానించి, నడుము ఎత్తి, కుడి చీపురును సూటిగా మాంత్రికుడి నోట్లో కుక్కాడు. "బా" తర్వాత రావాల్సినదంతా తుమ్ములుగా వచ్చింది.

"రాకుమారీ, తాడు విప్పండి!"

ఆమె గోళ్ళతో లాగింది. పళ్ళతో కొరికింది. పేగుతాడు పట్టు వదల్లేదు. "కొయ్యాలి! ఏదైనా ఉందా?"

కొమరగిరి మొలలో చెయ్యి పెట్టాడు. పేడగుడ్డ విప్పి పారేసి, చాకు తెరిచాడు. సన్నని అలుగు గోపురం నుంచి పడే ఎండలో తళుక్కుమంది. పక్కనే గరిటెల మధ్య నిలబడి ఉన్న నాగసాని, మూడేళ్ళుగా పెంకుతో చేతులు కోసుకున్న నాగసాని, దాన్ని చూసింది.

"అబ్బ! ఎంత చక్కటి చాకు నాయనా..."

"ఠంగ్!"

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో! నోరు జారింది. నా నోరు పడిపోను!"

కొమరగిరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిడి మీద వేళ్ళు అప్పుడే బిగుస్తున్నాయి. బొటనవేలు కదలడం లేదు. మాంత్రికుడు ఒక్కొక్క పుల్లనే నోట్లోంచి పీకి పారేస్తున్నాడు. ఆలోచించడానికి వ్యవధి లేదు.

"తీసుకో అవ్వా! నీదే! కానీ ముందు ఆ తాడు కొయ్యి!"

చాకు అవ్వ చేతిలోకి పోయింది. ఆమె బొటనవేలు అలుగు వీపు మీద ఆన్చి, పురిటి మంచం దగ్గర పోలమ్మ ఆన్చినట్టే ఆన్చి, ఒక్క లాగు లాగింది. తాడు తెగింది.

ముందు ఒక చల్లని నిట్టూర్పు వినిపించింది. తర్వాత మూడేళ్ళ వాన ఒక్కసారిగా బయటికొచ్చింది. నల్లమబ్బులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఉరుముతూ, నూరు స్తంభాల మధ్య నుంచి పైకి లేచాయి. సభలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. సింహాసనం తేలింది. చీపుళ్ళు తేలాయి. ఉదారవర్మ మహారాజు నీళ్ళలో చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మబ్బులు గోపురం కిటికీల్లోంచి దూసుకుపోయి, తూర్పు దిక్కున మరకతగిరి వైపు పరుగులు తీశాయి.

తడిసి ముద్దయిన ఉలూకనాథుడు చివరి పుల్లను ఉమ్మి, రెండు చేతులూ అల్లార్చాడు. చేతులు రెక్కలయ్యాయి. కోడెదూడంత గుడ్లగూబ గోపురం చుట్టూ ఒక చుట్టు తిరిగి దక్షిణం వైపు ఎగిరిపోయింది.

"వాడి ఎడమ రెక్కలో ఒకే ఒక తెల్ల ఈక ఉంటుంది నాయనా" అన్నాడు ఉదారవర్మ, కొమరగిరి చీపురు కాళ్ళను చూసి. "దాన్ని తెచ్చి తాకిస్తే నీ కాళ్ళు నీకు వస్తాయి. ఈ గుట్టలో పడి ఉన్నవాళ్ళూ మనుషులవుతారు. వాడు సముద్రం మధ్య ఉన్న కాకిదీవికి తప్ప ఇంకెక్కడికీ పోడు."

విద్యుల్లత కొమరగిరి చెయ్యి పట్టి పక్కకు లాగింది. "ఆగు. ఒక్క మాట అను. ఎంత బాగుంది అని ఒక్క మాట. గంట ఇంకా అక్కడే ఉంది. నువ్వంటే మోగకుండా ఉంటుందా? నీ చాకు నీకొచ్చేస్తుంది."

నాగసాని కూడా చాకును చాచింది. "అను నాయనా. అసలు అనక్కర్లేదు, ఇదిగో తీసుకో."

కొమరగిరి చూశాడు. ఆ హడావిడిలో, ఆ వరదలో కూడా, అవ్వ ఉండబట్టలేక ఒక గరిటె అంచును చాకుతో చెక్కి చూసుకుంది. ఉల్లిపొర లాంటి చెక్కపొట్టు ఆమె మునివేళ్ళకు ఇంకా అంటుకుని ఉంది. ఆ వేళ్ళనిండా కోతలు. చాకును చాచిందన్న మాటే గాని, పిడిని గట్టిగా పట్టుకునే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

అతడు నోరు తెరిచాడు. గోపురం కొసన గంట నిశ్శబ్దంగా వేలాడుతోంది. నోరు మూశాడు.

"నూనె రాస్తుండు అవ్వా" అన్నాడు. "నువ్వుల నూనైతే మంచిది. వానగాలికి ఊరికే తుప్పు పడుతుంది. సానరాయి మీద మాత్రం ఎక్కువ రుద్దకు, ఇప్పటికే పలచబడింది."

అవ్వ తాను చెక్కిన గరిటె అతడి చేతిలో పెట్టి, తల నిమిరింది. విద్యుల్లత చాలాసేపు అతడి వైపు చూడకుండా గోనె సర్దుకుంది.

కర్రలోంచి అన్ని మబ్బులూ పోయాయి, ఒక్కటి తప్ప. బండెడు గడ్డిమోపంత చిన్న మబ్బు ఒకటి మిగతావాటితో పోలేక, దారి తెలియక, స్తంభాలకు ఢీ కొట్టుకుంటోంది. విద్యుల్లత దాన్ని కర్రతో కిటికీ దాకా తోలి, పైకెక్కి చెయ్యి చాచింది. "ఎక్కు. ఈక కోసం పోదాం."

"మీ ఊరు తూర్పున ఉంది రాకుమారీ. అక్కడ ఇప్పుడు వాన పడుతుంటుంది. మూడేళ్ళు ఎదురుచూశారు."

"నేను చూడకపోయినా మా ఊరు తడుస్తుంది. నేను రాకపోతే నువ్వు ఎవరింటి వాకిలో ఊడుస్తూ మిగులుతావు. ఎక్కు!"

కొమరగిరి ఎక్కాడు. చీపురు కాళ్ళు తేలికే కదా, మబ్బుకు బరువు తెలియలేదు. అవ్వ ఇచ్చిన గరిటెతో గాలిని తోసుకుంటూ దక్షిణానికి మళ్ళించాడు. కోట, తోట, నది, ఇసుకతిన్నెలు కిందికి జారిపోయాయి. మునిమాపుకు ముందే సముద్రం కనిపించింది. నీలం మీద నీలం, దాని మీద ఎండ పోసిన పసుపు. అల్లంత దూరంలో నల్లటి చుక్క ఒకటి రెక్కలాడిస్తోంది.

"అదుగో! ఇంకొంచెం తొయ్యి!" అని అరిచింది విద్యుల్లత. మరుక్షణం భుజాలు ముడుచుకుంది. "కొమరగిరీ, మబ్బు కింద ఏదో చప్పుడవుతోంది."

కొమరగిరి అంచు పట్టుకుని తల వేలాడేసి చూశాడు. సముద్రం మీద సన్నగా, తీరిగ్గా, చినుకులు పడుతున్నాయి. ఆ చినుకుల కోసం ఇల్లంతేసి చేపలు వరసగా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాయి.

"ఏమీ లేదు రాకుమారీ" అన్నాడు మెల్లగా. "మన మబ్బు కురుస్తోంది."

"కురవొద్దని చెప్పు!"

"మబ్బుకు చెబితే వింటుందా? దానికి తెలిసిన పని అదొక్కటే!"

బండెడు మబ్బు మంచమంతైంది. మంచం పీటంతైంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లేచారు.

"ఒంటికాలి మీద నిలబడండి, చోటు కలిసొస్తుంది!"

"రెండు కాళ్ళూ లేనివాడివి, నాకు చెబుతున్నావా!"

ముందున్న గుడ్లగూబ వెనక్కి తిరిగి పకపకా నవ్వింది. చేటంత మిగిలిన మబ్బు తన జన్మలో మొదటిసారి చిన్నగా ఉరిమి, ఉన్నదంతా ఒక్కసారిగా కురిసేసి, వాళ్ళ కిందనుంచి మాయమైపోయింది.